పోలియో ఉందని హెల్త్ పాలసీ ఇవ్వనన్నారు, చట్టం ఏమీ చేయలేదా?

మూడుచక్రాలు
చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు దెబ్బతింది. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 60 శాతం అని ఉంది, యూడీఐడీ కార్డూ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఉంది. బీపీ లేదు, షుగర్ లేదు, పెద్దయ్యాక ఆస్పత్రిలో చేరాల్సిన అవసరమే రాలేదు. ఆఫీసు వాళ్ళ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది గానీ ఉద్యోగం పోతే అదీ పోతుంది కదా అని సొంతంగా ఒక హెల్త్ పాలసీకి ఆన్‌లైన్‌లో అప్లై చేశాను. ఫారంలో శారీరక వైకల్యం ఉందా అన్నచోట ఉంది అని టిక్ పెట్టాను. కట్టిన ప్రీమియం వెనక్కి వచ్చేసింది. "మా అండర్‌రైటింగ్ నిబంధనల ప్రకారం మీ ప్రపోజల్‌ను అంగీకరించలేము" అని ఒక మెసేజ్, అంతే. ఫోన్ చేస్తే "సిస్టమ్ రిజెక్ట్ చేసింది సార్" అంటారు తప్ప ఎందుకో చెప్పరు. తెలిసిన ఏజెంట్‌ని అడిగితే "లేదు అని టిక్ పెట్టాల్సింది" అన్నాడు. నేను నడిచి వస్తుంటే ఎవరికైనా తెలిసిపోయేదాన్ని ఎలా దాచమంటాడు? అసలు వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో ఇన్సూరెన్స్ ఇవ్వకపోవడం చట్టప్రకారం చెల్లుతుందా? ఎవరికి ఫిర్యాదు చేయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా కోపంగా ఉంది.

గోదారిగట్టు
ప్రైవేటు కంపెనీ కదండీ. వాళ్ళకి ఇష్టమైతే ఇస్తారు, లేకపోతే లేదు. దాని మీద కేసులేం నిలబడతాయి?

పాలసీ_పరంధాం
చాలా ఏళ్ళుగా ఏజెంట్‌గా ఉన్నాను కాబట్టి మా వైపు నుంచి చెప్తాను. ప్రతి కంపెనీకీ బోర్డు ఆమోదించిన అండర్‌రైటింగ్ పాలసీ ఉంటుంది, ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఎక్కువ ప్రీమియం వేయాలి అన్నది అందులోనే రాసుకుంటారు. ఆన్‌లైన్‌లో అయితే మనిషి చూడనే చూడడు, వైకల్యం ఉంది అనే టిక్ పడగానే అక్కడే ఆగిపోతుంది. బ్రాంచ్ ద్వారా కాగితాలతో వెళ్తే కనీసం ఒక మనిషి చదువుతాడు. ఇంకో మాట, ఆ ఏజెంట్ చెప్పింది మాత్రం వినకండి. లేదు అని టిక్ పెట్టిస్తే అతనికి కమిషన్ వస్తుంది, రేపు క్లెయిమ్ ఆగితే ఆస్పత్రి బిల్లు మీ నెత్తిన పడుతుంది.

నిద్రలేని_నరేష్
పరంధాం గారూ, 5 ఏళ్ళు వరసగా ప్రీమియం కడితే తర్వాత ఏమీ అడగకూడదు అని రూల్ వచ్చింది కదా? మారటోరియం అంటారు. ఆ లెక్కన దాచినా 5 ఏళ్ళు గడిస్తే గట్టెక్కినట్టే.

పాలసీ_పరంధాం
సగమే చెప్పారు నరేష్. 2024లో ఆ గడువు 96 నెలల నుంచి 60 నెలలకి తగ్గించారు, నిజమే. కానీ మోసం అని నిరూపిస్తే ఆ రక్షణ ఉండదు. పుట్టినప్పటి నుంచో చిన్నప్పటి నుంచో ఉన్నదాన్ని, సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని, లేదు అని రాస్తే దాన్ని మోసం కాదని వాదించడం కష్టం. పైగా ఆ 5 ఏళ్ళ లోపల ఆస్పత్రి పాలైతే?

లా_లలిత
గోదారిగట్టు గారు అన్న "వాళ్ళ ఇష్టం" అనే మాట ముందు పక్కన పెడదాం, ఎందుకంటే ఇక్కడ చాలామంది అలాగే అనుకుని ఆగిపోతున్నారు.

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో 3వ సెక్షన్ చదవండి. అందులో మూడో ఉపవిభాగం చెప్పేది ఇది: వైకల్యం కారణంగా ఏ వ్యక్తిపైనా వివక్ష చూపకూడదు, అయితే ఒక న్యాయమైన లక్ష్యం కోసం, దానికి తగిన మోతాదులోనే ఆ పని చేశారని చూపించగలిగితే తప్ప. ఆ చూపించాల్సిన బరువు ఎవరిది? వివక్ష చూపినవాళ్ళది. మీది కాదు. "నా కాలు వల్ల నాకు గుండెజబ్బు రాదు" అని మీరు నిరూపించుకోనక్కర్లేదు, "మీ కాలు వల్ల మాకు ఇంత అదనపు రిస్క్ ఉంది, అందుకే ఇలా చేశాం" అని వాళ్ళు చూపించాలి. సిస్టమ్ రిజెక్ట్ చేసింది అనడం చూపించడం కిందకి రాదు.

అదే చట్టం 2వ సెక్షన్‌లో వివక్ష అంటే ఏమిటో నిర్వచనం ఉంది. మినహాయించడం, పరిమితి పెట్టడం, తేడా చూపడం, తగిన సర్దుబాటు చేయడానికి నిరాకరించడం, అన్నీ అందులోకి వస్తాయి. ప్రైవేటు సంస్థలు కూడా ఈ చట్టం నిర్వచనాల్లో ఉన్నాయి. వీటన్నిటి వెనక ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఉంది, మన దేశం 2007లో దాన్ని ఆమోదించింది. దాని 25వ అధికరణంలో ఆరోగ్య బీమాలో, జీవిత బీమాలో వైకల్యం పేరుతో వివక్షని నిషేధించాలని సూటిగా రాసి ఉంది.

లోపాలు కూడా చెప్పాలి. మన చట్టంలో "ఇన్సూరెన్స్ కంపెనీ వివక్ష చూపకూడదు" అని ఒక్క వాక్యం విడిగా ఉంటే గొడవ ఉండేది కాదు, అది లేదు. 26వ సెక్షన్‌కి బీమా అనే శీర్షిక ఉంది గానీ అది వైకల్యం ఉన్న ప్రభుత్వ ఉద్యోగుల కోసం. 24వ సెక్షన్‌లో సమగ్ర బీమా పథకం మాట ఉంది, కానీ ప్రభుత్వ ఆర్థిక సామర్థ్యం మేరకు అనే పరిమితితో. అందుకే మనం పోరాడాల్సింది 3వ సెక్షన్ మీద, ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధనల మీద.

మూడుచక్రాలు
లలిత గారూ, ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. నిరూపించాల్సింది నేనే అనుకుని డాక్టర్ దగ్గర లెటర్ రాయించుకోవాలని చూస్తున్నా.

లా_లలిత
ఆ లెటర్ వృథా కాదు, తీసుకోండి. కానీ అది మీ వాదనకి బలం మాత్రమే, మీ బాధ్యత కాదు.

గణాంకాల_గిరి
ఇన్సూరెన్స్ ధరలు లెక్కగట్టే పనిలో ఉన్నాను. లలిత గారితో సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను.

రిస్క్‌ని బట్టి ధర అనేది ఇన్సూరెన్స్‌కి పునాది. వెన్నుపూస దెబ్బతిని ఛాతీ కింద స్పర్శ లేని మనిషికి మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు, పడకపుండ్లు వచ్చే అవకాశం ఎక్కువ. ఇది వైద్యంలో తెలిసిన విషయమే. అలాంటప్పుడు ప్రీమియం కొంచెం ఎక్కువ వేయడాన్ని నేను వివక్ష అనను. కానీ మూడుచక్రాలు గారి విషయం అది కాదు. ఒక కాలికి పోలియో ఉన్న మనిషికి డెంగీ వస్తే, అపెండిక్స్ ఆపరేషన్ అయితే, ఖర్చు మామూలు మనిషికైనట్టే అవుతుంది. నిజం చెప్పాలంటే చాలా కంపెనీల దగ్గర వైకల్యం ఉన్నవాళ్ళ క్లెయిమ్‌ల లెక్కలే లేవు. పాలసీలే ఇవ్వకపోతే లెక్కలు ఎక్కడి నుంచి వస్తాయి? లెక్క లేదు కాబట్టి భయం, భయం కాబట్టి పాలసీ లేదు, పాలసీ లేదు కాబట్టి లెక్క లేదు. ఇదే దశాబ్దాలుగా తిరుగుతోంది. అన్ని వైకల్యాలనీ ఒకే గాటన కట్టి ఒక్క టిక్‌తో బయటికి పంపడం అండర్‌రైటింగ్ కాదు, పని తప్పించుకోవడం.

చక్రధారి
గిరి గారు చెప్పిన వెన్నుపూస మనిషిని నేనే. వీల్‌చైర్‌లో ఉంటాను. నా బండికి పాలసీ దొరికింది, నాకు దొరకలేదు.

మీరందరూ తప్పక తెలుసుకోవాల్సిన తీర్పు ఒకటి ఉంది. 2022 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చింది. పిటిషనర్ వెన్నుపూస గాయంతో ఛాతీ కింద కదలిక లేని, వీల్‌చైర్ వాడే ఉద్యోగి. రెండు కంపెనీలు హెల్త్ పాలసీ ఇవ్వం అన్నాయి. జస్టిస్ ప్రతిభా సింగ్ ధర్మాసనం ఏమందంటే, జీవించే హక్కులో ఆరోగ్య హక్కు ఉంది, ఆరోగ్య సంరక్షణ అందులో విడదీయలేని భాగం, వైకల్యం ఉన్నవాళ్ళకి ఇన్సూరెన్స్‌లో వివక్ష కుదరదు. కంపెనీలన్నిటినీ పిలిచి సమావేశం పెట్టి, వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పాలసీలు తయారయ్యేలా చూడమని ఐఆర్‌డీఏఐని ఆదేశించింది. ఇలాంటివాళ్ళని "సబ్‌స్టాండర్డ్ లైవ్స్" అని రాసే పద్ధతి కూడా మానమంది.

దాని ఫలితంగా 2023 ఫిబ్రవరి 27న ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ వచ్చింది. ప్రతి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ, ప్రతి హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ దివ్యాంగులకి, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళకి ఒక పాలసీ తప్పనిసరిగా తేవాలి. నమూనా కూడా వాళ్ళే ఇచ్చారు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళకి 4 లక్షలు లేదా 5 లక్షల కవరేజీ. ముందే ఉన్న వైకల్యానికి సంబంధించిన చికిత్సకి 24 నెలల వెయిటింగ్ (అప్పటిదాకా ఆ ఖర్చు ఇవ్వరు), ప్రతి క్లెయిమ్‌లో 20 శాతం మనం పెట్టుకోవాలి.

తలుపు తెరుచుకుంది, సంతోషమే. కానీ ఇవాళ ఒక పెద్ద ఆపరేషన్‌కి 5 లక్షలు ఏ మూలకి? అందులో కూడా 20 శాతం నా జేబులోంచి. మిగతావాళ్ళకి కోటి రూపాయల పాలసీలు అమ్ముతూ మాకు మాత్రం ఈ గది కేటాయించి, ఇందులోనే ఉండండి అంటే అది సమానత్వం ఎలా అవుతుంది?

గోదారిగట్టు
ఈ తీర్పు సంగతి నాకు తెలియదు. పైన అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే మూడుచక్రాలు గారికి ఈ 5 లక్షల పాలసీ ఇస్తామంటే సరిపోయినట్టేనా, లేక మామూలు పాలసీయే ఇవ్వాలా?

లా_లలిత
అసలు ప్రశ్న అదే. కంపెనీలు "మీకు ప్రత్యేక పాలసీ ఉంది కదా, అక్కడికి వెళ్ళండి" అంటున్నాయి. నా అభిప్రాయంలో ప్రత్యేక పాలసీ ఉండటం మామూలు పాలసీ నిరాకరించడానికి అనుమతి కాదు. 2024 మే 29న వచ్చిన ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ కూడా అన్ని వయసుల వాళ్ళకీ, ముందే జబ్బులు ఉన్నవాళ్ళకీ సరిపోయే పాలసీలు ఉండాలనే అంటోంది. గిరి గారు చెప్పినట్టు రిస్క్‌లో నిజంగా తేడా ఉంటే ప్రీమియం పెంచొచ్చు, ఆ కాలికి సంబంధించిన చికిత్సకి వెయిటింగ్ పెట్టొచ్చు. అది తగిన మోతాదు. మొత్తం తలుపు వేసేయడం తగిన మోతాదు కాదు.

గణాంకాల_గిరి
దీంతో పూర్తిగా ఒప్పుకుంటాను.

కన్నయ్య_అమ్మ
మా బాబుకి ఆటిజం. ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంట్లో అందరికీ కలిపి ఒకే పాలసీ) తీసుకుందామని వెళ్తే నాకు, మా ఆయనకి, పాపకి ఇస్తామన్నారు, బాబు పేరు తీసేయమన్నారు. ఆ ఫారం మీద వాడి పేరు కొట్టేసిన గీత చూసి అక్కడే ఏడ్చేశాను. సంతకం పెట్టలేదు, లేచి వచ్చేశాం.

తర్వాత ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ చెప్తే నిరామయ గురించి తెలిసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ బీమా పథకం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోపరమైన వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకి ఏడాదికి లక్ష రూపాయల వరకు. ముందస్తు మెడికల్ టెస్టులు లేవు, వయసు పరిమితి లేదు. ఆస్పత్రిలో చేరకపోయినా థెరపీల ఖర్చుకి కొంత వస్తుంది, మాలాంటి వాళ్ళకి నెలనెలా అయ్యే ఖర్చు అదే కదా. బిల్లులు మనం ముందు కట్టి తర్వాత రీయింబర్స్‌మెంట్ తీసుకోవాలి, ప్రతి బిల్లూ, ప్రిస్క్రిప్షనూ జాగ్రత్తగా పెట్టుకోండి. ఏటా రెన్యువల్ మర్చిపోవద్దు.

కానీ లక్షతో బాబుకి రేపు పెద్ద జబ్బు ఏదైనా వస్తే ఏం చేయాలి? చక్రధారి గారు చెప్పిన 2023 పాలసీ పిల్లలకి కూడా వర్తిస్తుందా?

చక్రధారి
వర్తిస్తుందమ్మా. నమూనాలో పుట్టిన బిడ్డ నుంచి 17 ఏళ్ళ వరకు పిల్లలు ఉన్నారు, పెద్దవాళ్ళకి 65 వరకు. బాబు యూడీఐడీలో 40 శాతం, ఆపైన ఉంటే అడగండి. నిరామయ కూడా ఉంచుకోండి, దీనికోసం దాన్ని వదలొద్దు.

మౌనంగా_చదివేవాణ్ణి
ఇక్కడ ఎప్పుడూ రాయను, ఈ రోజు రాయాలనిపించింది. నాకు బైపోలార్. మందులు వాడుతూ ఉద్యోగం చేసుకుంటున్నా. మధ్యలో ఒకసారి ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. పాలసీ ఉంది, క్లెయిమ్ వేస్తే మానసిక అనారోగ్యం మా మినహాయింపుల్లో ఉంది అని కొట్టేశారు. ఆ లెటర్ చదివినప్పుడు జబ్బు కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది.

మా చెల్లెలు వెతికి పట్టుకుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 21వ సెక్షన్, నాలుగో ఉపవిభాగం. శారీరక జబ్బులకి ఏ ప్రాతిపదికన ఇన్సూరెన్స్ ఇస్తారో మానసిక జబ్బులకీ అదే ప్రాతిపదికన ప్రతి కంపెనీ ఇవ్వాలి. ఐఆర్‌డీఏఐ 2018 ఆగస్టులోనే దీన్ని పాటించమని కంపెనీలకి రాసింది. 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఒక ప్రభుత్వ రంగ కంపెనీ కేసులో, ఆ చట్టం అమల్లోకి వచ్చాక పాలసీలో ఇలాంటి మినహాయింపు చెల్లదని తేల్చింది. ఇవన్నీ రాసి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి పంపితే ఇంకేం మాట్లాడకుండా క్లెయిమ్ సెటిల్ చేశారు. అంటే చట్టం వాళ్ళకి ముందే తెలుసన్నమాట. నాకు తెలియదని కొట్టేశారు. ఇది నన్ను ఇంకా మండిస్తోంది.

కన్నయ్య_అమ్మ
మీరు రాసినందుకు మంచిదైంది తమ్ముడూ. ఇంకా రాస్తూ ఉండండి.

లా_లలిత
మౌనం గారి పోస్ట్‌ని అందరూ దాచుకోండి. మన దగ్గర ఉన్న వాటిలో అన్నిటికన్నా స్పష్టమైన వాక్యం ఆ 21వ సెక్షన్‌దే. "ప్రతి బీమా సంస్థ" అని నేరుగా పేరుపెట్టి చెప్పింది. దివ్యాంగుల చట్టంలో కూడా అలాంటి వాక్యం ఒకటి చేర్చాలన్నది నా డిమాండ్.

థేమ్స్_తీరం
నేను ఉండేది యూకేలో, వినికిడి లోపం ఉంది. ఇక్కడి సంగతి చెప్తే మీ చర్చకి పనికొస్తుందేమో. 2010 ఈక్వాలిటీ చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీ వైకల్యం ఉన్నవాళ్ళని వేరుగా చూడొచ్చు, కానీ దానికి షరతులున్నాయి. రిస్క్‌కి సంబంధించిన సమాచారం ఉండాలి, అది నమ్మదగిన చోటి నుంచి వచ్చి ఉండాలి, ఆ నిర్ణయం సమంజసంగా ఉండాలి. అమెరికాలో 1990 నాటి వైకల్యాల చట్టం రిస్క్ లెక్కల పేరుతో కంపెనీలకి చాలా వెసులుబాటు ఇచ్చింది, తర్వాత ఒబామా కాలపు ఆరోగ్య చట్టం 2014 నుంచి ముందే జబ్బు ఉందని హెల్త్ పాలసీ నిరాకరించడాన్నీ, ఎక్కువ వసూలు చేయడాన్నీ ఆపింది. ఆ చివరి నిషేధం జీవిత బీమాకి లేదు. అంటే ఏ దేశంలోనైనా గొడవంతా గిరి గారు చెప్పిన ఆ లెక్కల దగ్గరే.

నిద్రలేని_నరేష్
మరి మన దగ్గర కూడా లెక్క చూపించమని అడిగితే చూపిస్తారా?

గణాంకాల_గిరి
అడిగినవాళ్ళు తక్కువ కాబట్టి చూపించాల్సిన అవసరం రాలేదు. అడగండి. సమాధానం రాకపోతే ఆ మౌనమే మీ ఫిర్యాదులో సాక్ష్యం.

చుక్కల_లిపి
నాకు చూపు లేదు. పాలసీ ఇవ్వరా ఇస్తారా అనే దశకి వెళ్ళకముందే ఆగిపోతాం మేము. వీడియో కేవైసీలో (మనం ఎవరమో వీడియోలో సరిచూసుకోవడం) "కెమెరా వైపు చూస్తూ కళ్ళు ఆర్పండి" అంటుంది. నేను ఎటు చూడను? స్క్రీన్ రీడర్‌కి ఆ బటన్లు వినపడవు. బ్రాంచ్‌కి వెళ్తే సంతకం చేయగలిగినా వేలిముద్ర వేయమంటారు, సాక్షిని తెమ్మంటారు.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవండి. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్ళు వేసిన పిటిషన్ల మీద, డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగం అంది. కళ్ళు ఆర్పడం ఒక్కటే కాకుండా వేరే మార్గాలు పెట్టాలంది, డిజిటల్ కేవైసీని అందరికీ అందుబాటులోకి తెమ్మని ఆదేశాలు ఇచ్చింది. ఇప్పుడు ఏ యాప్ ఆగినా స్క్రీన్ రికార్డింగ్ పెట్టి ఆ తీర్పు తేదీ రాసి మెయిల్ కొడుతున్నా. ఒక చోట ఇంటికి మనిషిని పంపి పూర్తి చేశారు.

పాలసీ_పరంధాం
చక్రధారి బండి మాట ఎత్తాడు కాబట్టి గుర్తొచ్చింది. దివ్యాంగుల కోసం మార్పులు చేసిన వాహనానికి మోటార్ పాలసీలో ఓన్ డ్యామేజ్ (మన బండికి అయ్యే నష్టం) ప్రీమియం మీద 50 శాతం రాయితీ ఉంది. ఆ మార్పు ఆర్‌సీలో నమోదై ఉండాలి. చాలామంది ఏజెంట్లకి తెలియదు, తెలిసినా చెప్పరు.

చక్రధారి
ఇన్నేళ్ళూ నిండు ప్రీమియం కడుతున్నానే! రెన్యువల్ రాగానే పట్టుకుంటా. పరంధాం గారికి ఒక కాఫీ బాకీ.

లా_లలిత
ఫిర్యాదు ఎలా చేయాలో అడిగారు కదా మూడుచక్రాలు గారూ. మొదట చేతిలో ఉండాల్సింది కాగితం. ప్రపోజల్ తిరస్కరిస్తే కారణాలు నమోదు చేసి రాతపూర్వకంగా తెలపాలని ఐఆర్‌డీఏఐ 2016 హెల్త్ ఇన్సూరెన్స్ నిబంధనల్లోనే ఉండేది, 2024లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. "అండర్‌రైటింగ్ నిబంధనల ప్రకారం" అన్నది కారణం కాదు. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి, ఫోన్లు వద్దు. ఇలా రాయొచ్చు:

"నా ప్రపోజల్ నంబరు ఫలానా. మీరు దాన్ని తిరస్కరించారు. దానికి నిర్దిష్టమైన కారణాన్ని రాతపూర్వకంగా తెలపండి. తిరస్కరణకి కారణం నా వైకల్యమే అయితే, దాని వల్ల మీరు అంచనా వేసిన అదనపు రిస్క్ ఏమిటో, ఏ వైద్య సమాచారం లేదా గణాంకాల ఆధారంగా వేశారో చెప్పండి. అదనపు ప్రీమియంతో గానీ, ఆ వైకల్యానికి సంబంధించిన చికిత్సకి వెయిటింగ్‌తో గానీ పాలసీ ఇవ్వడాన్ని పరిశీలించారా, లేకపోతే ఎందుకు పరిశీలించలేదో చెప్పండి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 3 ప్రకారం ఇది వివక్ష అని నా అభ్యంతరం. వైద్య పరీక్షలకి నేను సిద్ధం. దీంతోపాటు 27-02-2023 సర్క్యులర్ ప్రకారం మీ కంపెనీ అందిస్తున్న పాలసీ వివరాలు కూడా పంపండి."

చివరి వాక్యాన్ని "దీంతోపాటు" అనే రాయండి, "దీనికి బదులు" అని రాస్తే వాళ్ళు అది పట్టుకుని మిమ్మల్ని అటు నెట్టేస్తారు.

సమాధానం రాకపోయినా, తేలిపోయే సమాధానం వచ్చినా ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో పెట్టండి. ఫోన్ అయితే 155255. ఆ తర్వాత ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి. హైదరాబాద్ ఆఫీసు కిందకి ఆంధ్రా, తెలంగాణ, యానాం వస్తాయి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, కంపెనీ జవాబు ఇచ్చిన ఏడాదిలోపు వెళ్ళాలి, జవాబే ఇవ్వకపోతే నెల ఆగి వెళ్ళాలి.

పాలసీ_పరంధాం
అంబుడ్స్‌మన్ పాలసీ ఉన్నవాళ్ళ క్లెయిమ్‌లు చూస్తాడు గానీ పాలసీయే ఇవ్వనివాళ్ళ ఫిర్యాదు తీసుకోడు లలిత గారూ. ఇలాంటిది ఒకటి తిరిగి రావడం నేను చూశాను.

లా_లలిత
తిరిగి రావొచ్చు, ఒప్పుకుంటా. కానీ 2017 అంబుడ్స్‌మన్ రూల్స్‌లో ప్రీమియం తీసుకున్నాక పాలసీ ఇవ్వకపోవడం అనే అంశం ఉంది, ఈయన ప్రీమియం కట్టాడు. ఐఆర్‌డీఏఐ సర్క్యులర్లు, నిబంధనలు పాటించకపోవడం అనే అంశం కూడా ఉంది. ఆ రెండింటి కిందా రాయాలి. తీసుకోకపోతే దివ్యాంగుల కమిషనర్ దగ్గరికి వెళ్దాం.

చక్రధారి
కమిషనర్ సిఫార్సు మాత్రమే చేస్తారు, ఆదేశం ఇవ్వలేరు. దాన్ని నమ్ముకుని కూర్చుంటే లాభం లేదు. నా ఓటు హైకోర్టుకే.

లా_లలిత
సిఫార్సే, కానీ సమన్లు ఇచ్చి కాగితాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలు కమిషనర్‌కి ఉన్నాయి. గిరి గారు అడగమన్న ఆ లెక్కలు బయటికి రప్పించడానికి అది చాలు. చీఫ్ కమిషనర్ సిఫార్సు చేస్తే ఏం చర్య తీసుకున్నారో 3 నెలల్లో చెప్పాలి. ఆ కాగితాలతో హైకోర్టుకి వెళ్తే రిట్ బలంగా ఉంటుంది. ఉత్త చేతులతో హైకోర్టుకి వెళ్ళడం ఖర్చు, ఆలస్యం. అందరికీ అది సాధ్యం కాదు.

పన్ను_పద్మ
కన్నయ్య అమ్మగారికి ఒక మాట. వైకల్యం ఉన్న పిల్లల భవిష్యత్తు కోసం తల్లిదండ్రులు తీసుకునే పాలసీలకి ఆదాయపు పన్నులో 80డీడీ కింద మినహాయింపు ఉంది, పాత పన్ను విధానంలో. 75 వేలు, వైకల్యం 80 శాతం ఆపైన ఉంటే లక్షా 25 వేలు. ఇంతకుముందు ఒక చిక్కు ఉండేది, తల్లో తండ్రో చనిపోయాకే బిడ్డకి ఆ డబ్బు అందాలి. బతికుండగా బిడ్డ అవసరానికి తీసుకునే వీలు లేదు. 2019లో ఒక తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని మళ్ళీ పరిశీలించమని కేంద్రానికి చెప్పింది, 2022 బడ్జెట్‌లో మార్చారు. ఇప్పుడు తల్లిదండ్రులకి 60 ఏళ్ళు నిండాక కూడా తీసుకోవచ్చు. ఒక మనిషి అడిగితే కదిలింది ఇది.

ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల మీద జీఎస్‌టీ లేదు. పాత కొటేషన్ చూపించి 18 శాతం కలిపి చెప్తే నమ్మకండి.

కన్నయ్య_అమ్మ
చాలా థాంక్స్ పద్మగారూ, ఇది మా ఆయనకి ఇప్పుడే పంపిస్తున్నా.

మూడుచక్రాలు
అప్‌డేట్. లలిత గారి లెటర్‌ని నా వివరాలతో పంపాను. ముందు అదే పాత సమాధానం వచ్చింది. బీమా భరోసాలో పెట్టాక మాత్రం ఒక మనిషి ఫోన్ చేశారు, నేను మెయిల్‌లో రాయమన్నాను. రాశారు. తిరస్కరణకి కారణం "ముందే ఉన్న శారీరక వైకల్యం" అట. లెక్కల గురించి ఒక్క ముక్క లేదు. నాకు దివ్యాంగుల పాలసీ 5 లక్షలది ఇస్తామంటున్నారు.

ఇంట్లో అందరూ ఇచ్చింది తీసుకో, గొడవెందుకు అంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. నేను అడిగింది 10 లక్షల మామూలు పాలసీ. కాలికి సంబంధించిన ఖర్చు కొన్నాళ్ళు ఇవ్వకపోయినా ఒప్పుకుంటాను. డెంగీకీ నా కాలికీ సంబంధం ఏమిటో మాత్రం చెప్పమంటాను. ఇప్పుడు ఆ 5 లక్షలది తీసుకుంటే నా ఫిర్యాదు బలహీనపడుతుందా?

లా_లలిత
పడదు. తీసుకోండి, కవరేజీ లేకుండా ఒక్క రోజు కూడా ఉండొద్దు. కానీ ప్రీమియం కట్టేముందు ఒక మెయిల్ పెట్టండి: "నా అభ్యంతరాన్ని, ఫిర్యాదుని వదులుకోకుండా దీన్ని తీసుకుంటున్నాను" అని. వాళ్ళు రాసిన ఆ కారణం ఇప్పుడు మీకు దొరికిన ఆస్తి. వైకల్యం వల్లే తిరస్కరించాం అని వాళ్ళ చేతితో వాళ్ళే రాసిచ్చారు.

చక్రధారి
వెయిటింగ్ గడియారం కూడా ఇప్పుడే మొదలవుతుంది. తీసుకోండి. ఆఫీసు గ్రూప్ పాలసీ ఉన్నన్నాళ్ళు పెద్ద ఖర్చులు దాంట్లో పోతాయి.

గణాంకాల_గిరి
అంబుడ్స్‌మన్‌కి రాసేటప్పుడు నేను సాయం చేస్తాను. పోలియో తర్వాత పెద్దవాళ్ళలో ఆస్పత్రి ఖర్చు దేనికి పెరగొచ్చు, దేనికి పెరగదు అన్నది మామూలు మాటల్లో ఒక పేజీ రాసిస్తా. నా పేరు వద్దు, ఉద్యోగం ఉంది.

మూడుచక్రాలు
అందరికీ రుణపడి ఉంటాను. పాలసీ తీసుకుంటున్నా, ఫిర్యాదు వదలను. అంబుడ్స్‌మన్ ఏమన్నారో ఇక్కడే పెడతాను, కొట్టేసినా పెడతాను.

సైగల_సీత
మాది వినికిడి లేని జంట. ఇద్దరం టర్మ్ పాలసీకి (జీవిత బీమా) అప్లై చేస్తే టెలి-మెడికల్ కాల్‌లో, అంటే ఫోన్‌లో ఆరోగ్యం గురించి అడిగే కాల్‌లో, మాట్లాడాలన్నారు, మాట్లాడలేం అంటే ప్రపోజల్ మూసేశారు. ఈ లెటర్ మాకూ పనికొస్తుందా?

లా_లలిత
పనికొస్తుంది సీత గారూ, ఒక వాక్యం మార్చాలి. ఫోన్ కాల్‌కి బదులు సైగల భాష వ్యాఖ్యాతతో వీడియో కాల్ గానీ, రాతపూర్వక ప్రశ్నలు గానీ ఇవ్వమని అడగండి. ఆ సర్దుబాటు నిరాకరిస్తే అదే వివక్ష, 2వ సెక్షన్ నిర్వచనంలోనే ఉంది. ప్రపోజల్ మూసేసిన మెసేజ్ స్క్రీన్‌షాట్ ఉంచారా? ఉంటే నంబర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి, రాసిపెడతాను.